లేని పంపు కోసం దిగిన రాజక్క

చార్జిషీటు ఆసుపత్రి మంచం మీదికే వచ్చింది. ఎల్లేశం ఎడమ కాలికి తొడ దాకా పిండికట్టు. కంపెనీ గుమాస్తా కాగితాన్ని దిండు పక్కన పెట్టి, ముట్టినట్టు సంతకం చెయ్యమని పెన్ను అందించాడు. కాలు విరిగితేనేం, చెయ్యి బాగానే ఉంది కదా అనుకున్నాడు కాబోలు.

మంచం పక్కన కూర్చున్న ఎల్లేశం పెళ్ళాం రాజక్క ముందు చదవమంది. ఆమెకు అక్షరాలు రావు. గుమాస్తా గొంతు సవరించుకుని చదివాడు. పంపు ఖలాసీ ఎల్లేశం, 1983 జులై పదకొండున మొదటి షిఫ్టులో వాగు నీళ్ళు ఇంక్లైన్‌లోకి వచ్చినప్పుడు, రెండో నంబరు పంపును నడపకుండా పని వదిలి పారిపోయి, ఇంక్లైన్ మునగడానికి కారకుడయ్యాడు. ఉద్యోగంలోంచి ఎందుకు తీసెయ్యకూడదో పదిహేను రోజుల్లో చెప్పుకోవాలి.

"రెండో పంపా?" అన్నాడు ఎల్లేశం. "ఆడ రెండో పంపు యాడున్నది? శివరాత్రికి ముందే ఊడదీసి లారీల ఏసుకపోయిండ్రు. మళ్ళ తేలే. నాలుగు బోల్టులున్నయి, అంతే."

"కాగితాల మీదైతే ఉన్నది," అన్నాడు గుమాస్తా, తన తప్పేం లేదన్నట్టు.

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డదంటే ఇదే. ఇంక్లైన్ అంటే భూమిలోకి ఏటవాలుగా దిగే సొరంగం. దాని మొహం నుంచి వాలు వెంట నూరడుగులు పోతే పంపుల గది. ఆ రోజు ఉన్న ఒక్క పంపునూ నడుము లోతు నీళ్ళొచ్చే దాకా నడిపినవాడు ఎల్లేశం. కింద పని చేస్తున్న ఇద్దరిని ముందు పైకి తోలి, తాను చివర బయల్దేరితే, బొగ్గు మోసే ఇనుప టబ్బు తాడు తెగి వచ్చి కాలు మీద పడింది. పారిపోయేవాడు అందరికన్నా ముందుండాలి గాని అందరికన్నా వెనక ఎందుకున్నాడని ఆ కాగితం రాసిన మహానుభావుడు ఒక్క క్షణం ఆలోచించలేదు.

పంపు లేదని తోటి ఖలాసీలందరికీ తెలుసు. రాజక్క ఇంటింటికీ తిరిగి సాక్ష్యం చెప్పమంది. అందరూ నీళ్ళు నమిలారు. ఒకడు పిల్లల పెళ్ళి అన్నాడు, ఇంకొకడు ప్రమోషన్ అన్నాడు. యూనియనాయన "విచారణ కానియ్యి చెల్లే, చూద్దాం" అన్నాడు. ఇంతలోనే మరో కబురు. ఆ ఇంక్లైన్‌లో బొగ్గు ఎలాగూ అడుగంటింది, నీళ్ళు తోడడం దండగ, మొహానికి గోడ కట్టి మూసేస్తారట. వచ్చే సోమవారమే పని మొదలు. ఇటుకలు దిగనే దిగాయి.

గోడ లేస్తే ఆ పంపు ఇక ఎప్పటికీ ఉన్నట్టే. ఉద్యోగం పోతుంది, క్వార్టరు ఖాళీ చెయ్యాలి, అవన్నీ ఒక ఎత్తు. పని విడిచి ఉరికినోడు అన్న పేరు మొగుడికి చచ్చేదాకా ఉంటుంది. అది మాత్రం రాజక్క ఒప్పుకోదు.

"గోడ లేవకముందే నేను దిగి చూసొస్త," అంది.

"అది మీ ఊరి మోట బాయనుకున్నవా?" అన్నాడు ఎల్లేశం. "నెత్తి మీద బండ ఉంటది. పైకి తేలితే గాలి తగలదు, బండ తగుల్తది. పోతనంటవేందే, నీ కర్మం."

"నీకు కాలు లేదు, నాకు రెండున్నయి. ఇంకేం మాట్లాడకు."

రాజక్కది హుస్నాబాద్ దిక్కు. చేపలు పట్టే ముదిరాజుల ఇల్లు. తండ్రి కొమురెల్లి వ్యవసాయ బావుల్లో దిగేవాడు. డెబ్బైల మొదట్లో ఊళ్ళకు కరెంటు మోటార్లు వచ్చాయి. పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్‌లో ఆకులో, గుడ్డపేలికో ఇరుక్కుంటే నీళ్ళు ఎక్కవు. అప్పుడు ఎవరో ఒకరు రాయి పట్టుకుని నలభై అడుగులు మునిగి, చీకట్లో చేతులతో తడిమి, వాల్ విప్పి, కడిగి, బిగించి రావాలి. కొమురెల్లి చెవి పగిలాక ఆ పని పదమూడేళ్ళ రాజక్క మీద పడింది. ఆడపిల్ల బావిలో దిగుడేందని మూతులు తిప్పిన పటేళ్ళే, మిరప తోట వాడుముఖం పట్టేసరికి పొద్దున్నే వాకిట్లో నిలబడేవాళ్ళు. ఆమె కూడా తక్కువ తినలేదు. "మూతి సక్కగ చేసుకున్నంక రాండ్రి, వస్త," అనేది.

గట్టు మీద తాడు పట్టుకునేవాడు తమ్ముడు అంజన్న. కొండగట్టుకు మొక్కుకుంటే పుట్టినవాడు. తండ్రి వాడికి నేర్పింది ఒకటే విద్య. నీళ్ళ మీద కన్ను తియ్యొద్దు, బుడగలొస్తున్నంతసేపు అక్క బతికున్నట్టు, బుడగలాగితే ఇంక ఎవర్నీ అడగకు, తాడు గుంజు. రెండుసార్లు అట్లా గుంజే రాజక్కను బతికించుకున్నాడు.

ఆసుపత్రి నుంచి ఆమె నేరుగా పోయింది రెస్క్యూ స్టేషన్‌కు. గనిలో పొగ కమ్మితే, విషవాయువు పుడితే లోపలికి పోయే దళానికి అక్కడ శిక్షణ ఇస్తారు. శిక్షకుడు దయాకర్‌రావు. వెలమ దొరల ఇంట్లో పుట్టి, పొలాలు అన్నలకొదిలేసి గనిలోకొచ్చిన మనిషి. ఇంకో మూడు నెలల్లో రిటైరవుతాడు. ఎల్లేశం ఆయన దగ్గర నేర్చుకున్నవాడే.

"సారూ, పొగల పోయేటప్పుడు మీరు రొమ్ముకు కట్టుకునే సంచి ఉంటదే, అది నీళ్ళల పని చేస్తదా?"

దయాకర్‌రావు సంగతంతా విన్నాడు. "చేస్తది. కాని దాన్ని నీళ్ళ కోసం తయారు చెయ్యలే," అన్నాడు.

"నన్ను కూడ గని కోసం తయారు చెయ్యలే. ఇద్దరం ఎట్లనో చూసుకుంటం."

ఆయనకు నవ్వొచ్చింది, వెంటనే కోపమొచ్చింది. కోపం ఆమె మీద కాదు. "ఎల్లేశం ఉరికినోడైతే నేను ముప్పై ఏండ్లు గాడిదలకు పాఠం చెప్పినట్టు," అని లేచి తాళంచెవి తీశాడు. ఆ ఊపిరి సెట్టును బయటికివ్వడం ఎంత నేరమో ఆయనకు బాగా తెలుసు.

వీపున ప్రాణవాయువు నింపిన ఇనుప సీసా. రొమ్ము మీద రబ్బరు సంచి, దాన్లో సోడా గుండ్లు. విడిచిన ఊపిరి సంచిలోకే పోతుంది. దాన్లోని చెడునంతా గుండ్లు పీల్చుకుంటే, సీసాలోంచి కొత్త వాయువు కొంచెం కలిసి, అదే గాలి మళ్ళీ నోటికొస్తుంది. ముక్కుకు క్లిప్పు. రెండు గంటలు అట్లా బతకొచ్చు. స్టేషన్ వెనక నీళ్ళ తొట్టిలో నాలుగు రోజులు నేర్పాడు. రాజక్కకు నీళ్ళు కొత్త కాదు, ఊపిరే కొత్త. మునిగితే చాలు, పాత అలవాటు కొద్దీ ఊపిరి బిగపట్టేది.

"ఊపిరి తియ్యి తల్లీ."

"నీళ్ళల ఊపిరి తీస్తే చస్తరు కద సారూ."

"గీ సంచిల తియ్యకపోతే చస్తరు."

మూడో రోజుకు అలవాటైంది. కాని ఒక్కటి ఆమెకు తెలియకుండానే మనసులో గుచ్చుకుంటూ ఉండేది. తన చుట్టూ నీళ్ళు చడీచప్పుడు లేకుండా ఉన్నాయి, ఒక్క బుడగ కూడా పైకి పోవడం లేదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అనవలసింది.

"ఇరవై అడుగుల లోతు దాటకు," అని ఆఖరి రోజు దయాకర్‌రావు పదిసార్లు చెప్పాడు. "దాటితే గీ మంచి గాలే విషమైతది, ఫిట్స్ వస్తయి. వాలు వెంట నూరైనా, పంపుల గది నిలువుల పదహారు అడుగుల లోతుల ఉంటది, జర ఇటే ఉన్నవు. నోట్లకెల్లి గొట్టం జారనియ్యకు. సంచిల నీళ్ళు పోతే సోడా కరిగి నోరు కాలుతది."

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ముగ్గురూ ఇంక్లైన్ మొహం దగ్గరికి చేరుకున్నారు. అంజన్న హుస్నాబాద్ నుంచి మొదటి బస్సుకు దిగి నేరుగా అక్కడికే వచ్చాడు. కాపలా జమేదారు కర్ర అడ్డం పెట్టాడు.

"ఆడోళ్ళు బొగ్గు బాయిల దిగొద్దు. చట్టం ఒప్పుకోదు."

"ఆడోళ్ళు భూమి కింద పని చెయ్యొద్దన్నది మీ చట్టం," అంది రాజక్క, చీరను గోచీ పోసుకుంటూ. "నేను భూమి కింద పోతలే, నీళ్ళ కింద పోతున్న. పని కూడ చేస్తలే, చూసొస్తున్న. నీళ్ళల మునగొద్దని ఏ చట్టంల రాసున్నదో ఆ కాగితం పట్టుకరా, అందాక పక్కకు జరుగు."

జమేదారు పెద్దసార్లను పిలుచుకొస్తానని సైకిలెక్కాడు. ఆఫీసు రెండు మైళ్ళు.

నడుముకు రెండు ఇనుప పట్టాముక్కలు బరువుకు కట్టుకుంది. లేకపోతే ఆ గాలి సంచి మునగనివ్వదు. నడుముకే తాడు. ఒక గుంజు అంటే ఆగు, రెండు అంటే వదులు, మూడు అంటే పైకి లాగు. అంజన్న తలూపాడు. దయాకర్‌రావు క్లిప్పు పెట్టి, సీసా తిప్పి, ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టాడు. కుక్క తోక పట్టుకుని గోదావరి ఈదినట్టే ఉంది వ్యవహారం. అయినా దిగింది.

కాఫీ రంగు నీళ్ళు. తల దీపం మూరెడు దూరం కూడా చూపడం లేదు. దీపాన్ని నమ్మడం మానేసి, టబ్బులు నడిచే ఇనుప పట్టాను రెండు చేతులా పట్టుకుని, చేతి మీద చెయ్యి వేసుకుంటూ దిగసాగింది. చెవుల్లో బరువు. నెత్తికి తగిలేది బండో, మునిగిన దుంగో తెలియదు. భయం వేసింది. భయమేసిందని తర్వాత ఆమె ఎవరి దగ్గరా దాచుకోలేదు. ఊపిరి లోపలికి, ఊపిరి బయటికి. సంచి ముసలమ్మ గురకలాగా గుర్రుమంటోంది. రెండుసార్లు తాడు గుంజింది, వదులయింది. ఇంకొంచెం పోతే పంపుల గది.

పైన అంజన్న నీళ్ళ మీద కన్ను తియ్యలేదు. అక్కడే వచ్చింది ప్రమాదం. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి వాడికి తెలిసిన లోకంలో బుడగలు లేని నీళ్ళ కింద బతికున్న మనిషి ఉండడు. అక్క మునిగింది, నాలుగు బుడగలొచ్చాయి, ఆగిపోయాయి. తాడు గుంజితే వదిలాడు గాని, వాడి నమ్మకం బుడగల మీదే. నిమిషం చూశాడు. రెండు నిమిషాలు చూశాడు. "సారూ, అక్క పోయింది," అని ఒక్క కేక పెట్టి, దయాకర్‌రావు చెయ్యి అడ్డం పెట్టేలోపే, ఉన్న సత్తువంతా పెట్టి తాడు లాగాడు.

కింద రాజక్క పట్టా మీంచి వెనక్కి ఎగిరిపడింది. వీపు బండకు కొట్టుకుంది, నోట్లోంచి గొట్టం సగం జారింది, నీళ్ళు జొరబడ్డాయి. పళ్ళతో బిగించి పట్టుకుంది. ఏదో కూలిందనుకుంది, చచ్చాననుకుంది. ఒడ్డున పడ్డాక చూస్తే తమ్ముడు తన మొహం పట్టుకుని ఏడుస్తున్నాడు.

"బుడగలు రాలే అక్కా. బుడగలు రాలే."

కొట్టబోయి చెయ్యి దించుకుంది. వాణ్ణి ఏమని తిట్టాలి? ఆ చేతులు చిన్నప్పట్నుంచి చేసిన పనే చేశాయి. తప్పు తనది. "గీ సంచిల ఊపిరి బయటికి రాదురా తమ్మీ. బుడగలు రావు. బుడగలు రాకుంటేనే నేను మంచిగున్నట్టు."

"గదెట్ల అక్కా?" అన్నాడు వాడు. వాడి బుర్రకు అది ఎక్కలేదు. ఎక్కకపోయినా అక్క మాట కాబట్టి తలూపాడు.

ఆమె పెదవుల మీద అప్పటికే బొబ్బలు లేస్తున్నాయి. సోడా తడిసింది. దయాకర్‌రావు సీసా కట్టేశాడు. "ఇగ చాలు. మళ్ళ దిగుతనంటే నేనియ్య."

"సారూ, ఇప్పుడు దిగకపోతే ఇంకెప్పుడు? రేపు గోడ లేస్తది. గా జమేదారు ఇంకో అర్ధగంటల జీపేసుకుని వస్తడు. నోరు కాలితే మందేసుకుంట. మొగుని మీద పడ్డ మాటకు మందు యాడ తెమ్మంటరు?"

ఆయన ఆమె మొహంలోకి చూసి, సంచిలోని నీళ్ళు వంచి, సీసా తిప్పాడు. అంజన్నను నీళ్ళకు వీపు పెట్టి కూర్చోమన్నాడు. "నీళ్ళను చూడకు. తాడునే పట్టుకో, తాడునే విను," అన్నాడు. వాడు కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు.

ఈసారి ఆమెకు దారి తెలుసు. నోరు భగభగ మండుతోంది, ఊపిరి తీసినప్పుడల్లా సున్నం నాకినట్టుంది. పట్టా వదిలి ఎడమకు తిరిగింది. చెయ్యి మొదటి పంపుకు తగిలింది. మోటారు, దాని రెక్కల కవరు, పైపు, వాల్ చక్రం. చక్రం తిప్పి చూసింది, పూర్తిగా తెరిచే ఉంది. ఎల్లేశం తెరిచిన చెయ్యి అట్లాగే ఉన్నట్టు అనిపించి ఆమెకు ఏడుపొచ్చింది. దాని పక్కన గోడ వెంట ఆరడుగులు. సిమెంటు దిమ్మె అంచు తగిలింది. దిమ్మె పైకి రెండు చేతులూ చాచింది.

ఏమీ లేదు.

నాలుగు మూలలా నాలుగు బోల్టులు. నట్లు లేవు, బొటనవేలంత మందం బోల్టులకు గరుకు తుప్పు. దిమ్మె మీద మెత్తటి బురద. గోడవైపు నుంచి వచ్చిన పైపు మూతి దేనికీ తగలకుండా ఆగిపోయి, దాన్లో గోనెపట్టా చుట్టిన చెక్క బిరడా దిగ్గొట్టి ఉంది. పంపు ఉన్నచోట పైపుకు బిరడా ఎవడు కొడతాడు? ఎన్ని పంపులు విప్పి బిగించిందో ఆ చేతులకు తెలుసు. దిమ్మె నాలుగు వైపులా రెండుసార్లు తడిమింది. తర్వాత మూడుసార్లు తాడు గుంజింది.

బయటికొచ్చేసరికి జీపు వచ్చి ఉంది. విచారణ అధికారి జగన్మోహన్‌రావు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఇస్త్రీ బట్టలు, ఎర్రబడ్డ మొహం.

"బిరడా పట్టుకురాలేదేం?" అని దయాకర్‌రావు మెల్లగా అడిగాడు.

"తెస్తే ఇంట్ల చెక్కి తెచ్చిన అంటరు సారూ. ఆడనే ఉంచిన. వచ్చి చూసుకోనీ," అంది రాజక్క, మాట సరిగ్గా పెగలని నోటితో.

మర్నాడు రాజక్కనూ దయాకర్‌రావునూ ఆఫీసుకు పిలిచారు. జగన్మోహన్‌రావు రాత్రంతా ఆలోచించుకున్నట్టున్నాడు, గొంతు తేనెలో ముంచి మాట్లాడాడు. రాజక్కకు కుర్చీ చూపించాడు. చాయ్ తెప్పించాడు. కాలిన నోటికి వేడి చాయ్.

"చూడమ్మా, అనుమతి లేకుండ గనిలకు దిగుడు నేరం. నీ మీద కేసు పెట్టొచ్చు, నీ తమ్ముని మీద, దయాకర్‌రావుగారి మీద కూడ. కాని ఆడమనిషివి, బాధల ఉన్నవు. మాఫీ చేస్తున్నం. నువ్వు దిగలే, మేం చూడలే. గీ సంగతి ఇక్కడికి మరిచిపోదాం."

రాజక్క చాయ్ గ్లాసు పక్కకు జరిపింది. బావిలో ఇరుక్కున్న వాల్ ఎటు తిప్పితే వదులవుతుందో చేతులకు తెలిసినట్టే, ఆ మాట ఎటు తిరుగుతోందో ఆమెకు తెలిసిపోయింది. తాను దిగకపోతే చూసిందీ లేదు. చూసింది లేకపోతే పంపు ఉంది. ఎంత తియ్యటి మాఫీ!

"మాఫీ నాకొద్దు," అంది. "కేసు రాయుండ్రి."

"ఏందమ్మా?"

"దిగిన, నేరం చేసిన. రాయుండ్రి. ఎన్ని అడుగులు పోయిన్నో, ఏ పంపు పట్టుకున్ననో, ఏ దిమ్మె మీద చేతులు పెట్టిన్నో, ఆడ ఏమున్నదో ఏం లేదో మొత్తం రాసి నా మీద కేసు పెట్టుండ్రి. నేను దిగలేదంటే నా మీద నేరమే లేదు. దిగిన్నంటే నా సాక్ష్యం ఉన్నది. రెండిట్ల ఏది రాస్తరో మీ ఇష్టం. రాసిందాక గీ కుర్చీల్నుంచి లేవ."

గది బయట వరండాలో అప్పటికే యాభై మంది మూగారు. నీళ్ళు నమిలిన ఖలాసీలు కూడా వాళ్ళలో ఉన్నారు. జగన్మోహన్‌రావు బెదిరించాడు, బతిమాలాడు. దయాకర్‌రావు లేచి, "సెట్టు ఇచ్చింది నేను. నా పేరు కూడ రాయుండ్రి, ఇనీషియల్స్ తప్పుపోకుండ," అన్నాడు. మధ్యాహ్నానికి రాయక తప్పలేదు.

కేసు రాశాక కథ కంపెనీ చేతుల్లోంచి జారిపోయింది. ఇంక్లైన్ నేరం జరిగిన జాగా అయింది. పంచనామా కాకుండా గోడ కట్టడానికి వీల్లేదని యూనియన్ వకీలు అడ్డం తిరిగాడు. ఇటుకలు అట్లాగే ఉన్నాయి, పంపులు తెచ్చి నీళ్ళు తోడారు. ఇరవై రెండు రోజులు పట్టింది. పంచులు లోపలికి పోయి చూసి, నాలుగు బోల్టులనీ బిరడానీ రాసుకుని వచ్చారు. దసరా ముందు ఎల్లేశం మీది చార్జిషీటు రద్దయింది. దయాకర్‌రావుకు మెమో ఇచ్చారు. ఆయన దాన్ని జేబులో పెట్టుకునే రిటైరయ్యాడు.

అప్పుడు మళ్ళీ గుమాస్తా వచ్చాడు, రాజీ కాగితంతో. పొరపాటున పెట్టిన కేసని, రాజక్క గనిలోకి దిగలేదని, వేలిముద్ర వేస్తే అంతటితో అయిపోతుందని చెప్పాడు. ఎల్లేశం కూడా వెయ్యమన్నాడు. గెలిచాం కదా, ఇంకా కోర్టెందుకు అన్నాడు. ఆమె మొగుడి మీద ఇంతెత్తున లేచింది. దిగనిదాన్ని దిగలేదనమంటే అంటుంది, నోరు కాల్చుకుని దిగినదాన్ని దిగలేదని ఎట్లా అంటుంది?

కోర్టులో ఆమె కాలిన పెదవి మచ్చ కనిపిస్తూనే ఉంది. మేజిస్ట్రేటు కాగితాలు తిరగేసి, కళ్ళజోడు మీంచి చూశాడు. చిన్న నేరం, ఒప్పుకుంటే చిన్న జరిమానా, మధ్యాహ్నానికి ఇల్లు చేరొచ్చు.

"అమ్మా, తప్పు చేశానని ఒప్పుకుంటున్నావా?"

"దిగిన్నని ఒప్పుకుంటున్న సారూ," అంది రాజక్క. "తప్పని మీరు రాసుకోండ్రి."